ప్రణతికి: డౌన్లు నువ్వే లెక్కపెట్టుకో

చి॥ ప్రణతికి,

పెదనాన్న ఆశీస్సులు. బౌల్డర్‌లో, మీ కొలరాడో యూనివర్సిటీలో, స్టూడెంట్ పేపర్‌కి నువ్వు వారం వారం కాలమ్ రాయబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ చూసి ఆట గురించీ, ఆటలో కనపడే దేవుడి గురించీ, దేశంలో నడుస్తున్న గొడవల గురించీ మనసులో మాట రాస్తావట. చాలా గర్వంగా అనిపించిందమ్మా. 2011 ప్రపంచకప్ ఫైనల్ రోజు లెక్కల నోటుబుక్కులో బంతి బంతికీ స్కోరు రాసి, టీవీలో చూపించేదానికీ నీ లెక్కకీ తేడా వస్తే టీవీదే తప్పని వాదించిన పిల్లవి. మీ నాయనమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని మురిసిపోతుంది.

ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా భయం సంగతి. నువ్వు ఎఫ్-1 వీసా మీద ఉన్నావు. టఫ్ట్స్ యూనివర్సిటీలో టర్కీ నుంచి వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థినిని 2025 మార్చిలో వీధిలోనే అదుపులోకి తీసుకుని లూసియానా దాకా పంపారు. అంతకుముందు ఏడాది ఆ అమ్మాయి తోటివాళ్లతో కలిసి వాళ్ల స్టూడెంట్ పేపర్‌లో ఒక వ్యాసం రాసింది. మే నెలలో జడ్జి చెబితే గానీ వదల్లేదు. నువ్వు రాసేది ఆటల గురించే కావచ్చు. కానీ ‘కరెంట్ అఫైర్స్ కూడా’ అని మీ నాన్న అన్న దగ్గర్నుంచీ ఆ పిల్లే కళ్లముందు కదులుతోంది. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి వెళ్లేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా పెట్టాలంటున్నారు. రేపు స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్తే నీ కాలమ్‌లన్నీ వాళ్ల ముందు ఉన్నట్టే.

రాయొద్దని అనను. పద్ధతిగా రాయమంటున్నాను. పేపర్ వాళ్లు డబ్బులిస్తామంటే, తీసుకోకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుని అడుగు. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదని నీకు తెలుసు. అసలు ఆ పేపర్ యూనివర్సిటీదా, విడిగా నడిచేదా? విడిగా నడిచేదైతే అది క్యాంపస్ ఉద్యోగం కిందకి రాకపోవచ్చు. నోటిమాట సరిపోదు, జవాబు ఈమెయిల్‌లో తీసుకో. రాసిన ప్రతి కాలమ్‌నీ అచ్చయిన రూపంలో పీడీఎఫ్ చేసి దాచుకో. ఎవరైనా ఒక ముక్క కోసి తిప్పితే మొత్తం చూపించగలగాలి.

మిగతావి నీకు తెలిసినవే. ఫోన్ నిండా ఛార్జ్ చేసుకుని వెళ్లు, టికెట్ అందులోనే ఉంటుంది. బౌల్డర్ మైలుకి పైన ఎత్తులో ఉంది, నీళ్లు బాగా తాగు. సాయంత్రం మొదలయ్యే ఆటకి మధ్యాహ్నం ఎండ చూసి మోసపోవద్దు, జాకెట్ పెట్టుకో. ఆటకి ముందు కార్ల దగ్గర చేసుకునే టెయిల్‌గేట్ విందులో బీరు ముట్టుకున్నవాడి కారెక్కకు. తాగి నడిపి దొరికితే వీసాకే ఎసరొస్తుంది, ఆ కారులో నువ్వు ఉండొద్దు.

కూర్చునే చోటు ముందే తేల్చుకో. ప్రెస్ బాక్స్ పాస్ ఇస్తే అక్కడ చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, టీ షర్టు మీద జట్టు బొమ్మ ఉండకూడదు. స్టూడెంట్ సెక్షన్‌లో కూర్చుంటే గొంతు పోయేలా అరువు, కానీ అక్కణ్ణుంచి రాస్తున్నావని కాలమ్‌లో చెప్పు. అభిమానిగా రాసేదానికి చదివేవాళ్లు ఒక లెక్క కట్టుకుంటారు, రిపోర్టర్‌గా రాసేదానికి ఇంకోటి.

ఇప్పుడు నోటుబుక్కు. పది యార్డులు ముందుకెళ్లడానికి జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోదాన్నీ డౌన్ అంటారని నీకు తెలుసు. పెన్సిల్‌తో ఒక్కో ప్రయత్నానికి ఒక్కో వరుస. ఎన్నో క్వార్టర్, గడియారంలో ఎంత మిగిలింది, ఎన్నో డౌన్, ఎన్ని యార్డులు కావాలి, బంతి ఎవరి ఎన్నో యార్డు మీద ఉంది, ఏం చేశారు, ఎన్ని వచ్చాయి. ‘2వ, 4:10, 3కి 7, మన 42, పాస్, 5’ అని రాసుకుంటే చాలు. ఇక్కడ గడియారం కూడా ఒక ఆటగాడే. పది యార్డులు దాటి ఫస్ట్ డౌన్ (కొత్తగా నాలుగు ప్రయత్నాలు) వచ్చినప్పుడల్లా గడియారం ఆగడం 2023 నుంచి లేదు, ప్రతి అర్ధభాగం చివరి రెండు నిమిషాల్లోనే ఆగుతుంది. పాత ఆటలతో పోల్చేటప్పుడు ఈ తేడా మర్చిపోతే లెక్క తప్పుతుంది.

మొత్తం యార్డులు చూసి తీర్పు ఇవ్వకు. ఒక్కో ప్రయత్నానికి సగటున ఎన్ని యార్డులు వచ్చాయో, మూడో డౌన్‌లో ఎన్నిసార్లు గట్టెక్కారో, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో చూడు. ఇంకో సంగతి, కొత్తగా రాసేవాళ్లు తరచూ పడే గుంట ఇది. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి అందుకుని ఆట నడిపేవాణ్ణి) వెనక్కి పడేసిన యార్డులు, బంతి పట్టుకుని పరుగెత్తిన యార్డుల ఖాతాలోంచి తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్ ఖాతాలోంచి తీస్తారు. 2023లో కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్‌ని ప్రత్యర్థులు పదే పదే కూలదోశారు, కొలరాడో పరుగు యార్డుల సగటు దేశంలో అట్టడుగు వరుసలో కనపడింది. అది చూసి ‘పరుగెత్తేవాళ్లు చేతకానివాళ్లు’ అని రాసేవాడికి అడ్డుగోడ కట్టాల్సిన లైన్‌మెన్ సంగతి తెలియదన్నమాట.

డౌన్ నంబరు నువ్వే లెక్కపెట్టుకోవాలని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొలరాడో జట్టు గురించి రాసే ఎవరికైనా 1990 అక్టోబర్ 6 తెలిసి ఉండాలి.

ఆ రోజు కొలరాడో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాకి వెళ్లి మిస్సోరీతో ఆడింది. ఇంకో అర నిమిషం ఉందనగా స్కోరు మిస్సోరీ 31, కొలరాడో 27. బంతి గోల్ గీతకి మూడు యార్డుల దూరంలో ఉంది. అక్కణ్ణుంచి నాలుగే అవకాశాలు. అసలు క్వార్టర్‌బ్యాక్ డేరియన్ హేగన్ దెబ్బ తగిలి పక్కన ఉన్నాడు, చార్లెస్ జాన్సన్ ఆడుతున్నాడు. మొదటి డౌన్‌లో గడియారం ఆపడానికి జాన్సన్ బంతిని నేలకేసి కొట్టాడు. రెండో డౌన్‌లో ఎరిక్ బియెనెమీ బంతి పట్టుకుని ఒక యార్డు దాకా తోసుకొచ్చాడు. కొలరాడో టైమవుట్ తీసుకుంది. డౌన్ నంబరు చూపించే కర్ర పట్టుకున్న మనిషి ఆ టైమవుట్‌లో 2ని తిప్పి 3 చేయాలి. తిప్పలేదు. రిఫరీ బృందంలో ఒక్కరూ గమనించలేదు. మూడో డౌన్‌లో బియెనెమీ మళ్లీ వెళ్లాడు, ఆపేశారు. నాలుగో డౌన్‌కి కర్ర మీద 3 అని ఉంది. ఇంకొకటి మిగిలిందనుకుని జాన్సన్ మళ్లీ బంతిని నేలకేసి కొట్టాడు. రెండు సెకన్లు మిగిలాయి. నిజానికి అక్కడితో బంతి మిస్సోరీకి వెళ్లాలి, ఆట అయిపోవాలి. వెళ్లలేదు. ఐదో డౌన్ ఇచ్చారు. జాన్సన్ బంతి పట్టుకుని గీత మీదకి దూకాడు, గీత దాటింది, టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) అన్నారు. 33-31. అసలు గీత దాటలేదని మిస్సోరీ వాళ్లు ఇప్పటికీ అంటారు.

రిఫరీ బృందాన్ని సస్పెండ్ చేశారు, ఫలితం మాత్రం మార్చలేదు. ఆ కొలరాడో జట్టే సీజన్ చివర ఆడే ఆరెంజ్ బౌల్‌లో నోటర్‌డామ్‌ని 10-9తో ఓడించి, విలేకరులు ఓట్లేసే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) పోల్‌లో జాతీయ విజేత అయింది. కోచ్‌ల పోల్ మాత్రం జార్జియా టెక్‌ని ఎంచుకుంది.

కర్ర తిప్పడం మర్చిపోవడం మనిషి చేసే పొరపాటు, దాన్ని క్షమించవచ్చు. ఆ తర్వాత జరిగిందే అసలు తప్పని నా అభిప్రాయం. కొలరాడో కోచ్ బిల్ మెకార్ట్నీ దైవభక్తి బాహాటంగా చాటుకునే మనిషి. ప్రామిస్ కీపర్స్ అనే క్రైస్తవ పురుషుల సంస్థని ఆయన మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. ఆట అయ్యాక ఆయన ఐదో డౌన్ గురించి కాదు, మైదానం జారుతోందని మాట్లాడారు. గెలుపు వదులుకోవడానికి ఒప్పుకోలేదు. యాభై ఏళ్ల ముందు, 1940 నవంబర్‌లో, కార్నెల్ యూనివర్సిటీకీ ఇలాగే ఐదో డౌన్‌లో డార్ట్‌మత్ మీద 7-3 గెలుపు వచ్చింది. వాళ్లు సినిమా రీలు వేసి చూసుకున్నారు, తప్పు తేలింది, టెలిగ్రాం ఇచ్చి గెలుపు వదిలేశారు. రికార్డుల్లో ఇవాళ్టికీ డార్ట్‌మత్ 3, కార్నెల్ 0. మెకార్ట్నీ పశ్చాత్తాపం బయటికి చెప్పింది 1998లో. ఎనిమిదేళ్లు పట్టినా చెప్పారు, అది కూడా రాయాలి. 2025 జనవరిలో ఆయన పోయారు.

దీని గురించి నువ్వు ఎప్పుడో ఒకప్పుడు రాస్తావు, రాయకుండా ఉండలేవు. అప్పుడు రెండు పక్కలా జాగ్రత్త. ‘కొలరాడో దొంగిలించింది’ అని రాస్తే సగం నిజమే. కర్ర మీద సరైన నంబరు ఉండుంటే నాలుగో డౌన్‌లో బంతిని నేలకేసి కొట్టేవాళ్లు కాదు, నిజంగానే ఇంకో ప్రయత్నం చేసేవాళ్లు. ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ‘రిఫరీ తప్పుకి మనమేం చేస్తాం’ అని రాస్తే, కార్నెల్ ఏం చేసిందో చదివినవాళ్లు నీ మాట నమ్మరు. ఐదు డౌన్లూ వరుసగా రాయి, గడియారంతో సహా. నీ అభిప్రాయం ఆ తర్వాత పెట్టు. అప్పుడు దానికి బలం ఉంటుంది.

దేవుడి దగ్గరికి వద్దాం. ఇక్కడ తొందరపడితే మనుషుల మనసులు విరుగుతాయి. టచ్‌డౌన్ చేసి మోకాలి మీద వంగి ఆకాశం వైపు చూసే కుర్రాణ్ణి వెక్కిరించకు. పరీక్షకి ముందు హాల్ టికెట్ దేవుడి పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నదానివే నువ్వూ. బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ)తో ఆట ఉన్న వారం ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అది లేటర్-డే సెయింట్స్ (మోర్మన్) చర్చి యూనివర్సిటీ. ఆదివారం వాళ్లు ఆడరు. కుర్రాళ్లు చాలామంది రెండేళ్లు మత ప్రచార మిషన్‌కి వెళ్లొస్తారు, అందుకే కొందరు మిగతా జట్ల పిల్లలకన్నా వయసులో పెద్దవాళ్లు, ఒళ్లు కూడా గట్టిపడి ఉంటుంది. ఇది రాయదగ్గ సంగతి. మతం మీద బూతులు మాత్రం వార్త కావు. 2025 సెప్టెంబర్‌లో మీ స్టేడియం ఫోల్సమ్ ఫీల్డ్‌లో ఆ చర్చి మీద కేకలు పెట్టినందుకు, రెండు జట్లూ ఆడే బిగ్ 12 లీగ్ కొలరాడోకి 50,000 డాలర్ల జరిమానా వేసింది. నీ సెక్షన్‌లో అలాంటి కేకలు మొదలైతే నోరు మూసుకుని ఊరుకోవడం సరిపోదు. ఎన్నో క్వార్టర్‌లో, ఏ ప్రయత్నం తర్వాత మొదలైందో రాసి, కాలమ్‌లో మీ వాళ్లని మందలించు.

కోచ్ ప్రార్థన చేయించవచ్చా అన్న చర్చ వస్తే రెండు తీర్పులు దగ్గర పెట్టుకో. 2000లో శాంటా ఫే కేసులో, టెక్సస్ హైస్కూల్ ఆటల ముందు మైకులో విద్యార్థుల చేత ప్రార్థన చేయించడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో కెన్నెడీ కేసులో, ఆట అయ్యాక 50 యార్డుల గీత దగ్గర కోచ్ తనంతట తాను చేసుకున్న ప్రార్థనకి రక్షణ ఉందని 6-3తో చెప్పింది. రెండూ హైస్కూల్ కేసులే, యూనివర్సిటీకి నేరుగా అతికించకు. కానీ ప్రభుత్వ యూనివర్సిటీ కోచ్ చేతిలో ఆటగాడి స్థానం ఉంటుంది. ‘ఇష్టముంటేనే రా’ అన్నా ఆ కుర్రాడికి వెళ్లకపోతే బెంచీ మీద కూర్చోవాలేమోనన్న బెంగ ఉంటుంది. నా వరకు అసలు ప్రశ్న అదే. కొలరాడో కోచ్ డియాన్ శాండర్స్ గురించి రాసినా, మెకార్ట్నీ 1992లో యూనివర్సిటీ వేదిక మీద నుంచి స్వలింగ సంపర్కుల మీద మాట్లాడిన సంగతి రాసినా, విశ్వాసాన్ని తప్పుపట్టకు. అధికారం ఎక్కడ వాడారో చూపించు.

డబ్బు గురించి అందరూ రాస్తారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరిన హౌస్ సెటిల్‌మెంట్‌కి జడ్జి ఒప్పుకున్నాక యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. నువ్వు రాస్తే ఇంకెవరూ రాయనిది ఒకటుంది. నీలాగే ఎఫ్-1 మీద వచ్చిన టెన్నిస్, బాస్కెట్‌బాల్ పిల్లలు ఈ డబ్బు ముట్టుకోవాలంటే వీసా అడ్డం వస్తుంది. పక్క లాకర్ కుర్రాడు తీసుకుంటుంటే వీళ్లు చూస్తూ ఉంటారు. వాళ్లతో మాట్లాడు. పేరు వేయొచ్చా అని రెండుసార్లు అడుగు, వద్దంటే వేయకు.

పందేల జోలికి వెళ్లకు తల్లీ. కొలరాడోలో 2020 మే నుంచి 21 నిండినవాళ్లు ఫోన్‌లోనే పందెం కాయవచ్చు, నీ స్నేహితులు కాస్తారు కూడా. నువ్వు ఆటగాళ్లతో మాట్లాడే మనిషివి. ఫలానావాడి మోకాలు ఎలా ఉందని ఎవరైనా మాటల మధ్యలో అడిగితే, పేపర్‌లో అచ్చు కాని ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. నీ పేరు మీద ఒక్క డాలరు పందెం ఉన్నా నీ కాలమ్‌ని ఎవరూ నమ్మరు.

ఇంటర్నేషనల్ ఆఫీసు జవాబు వచ్చేదాకా మొదటి కాలమ్ పంపకు. వచ్చాక, ఆదివారం పొద్దున నీ డ్రాఫ్ట్‌తో పాటు నోటుబుక్కు పేజీల ఫొటోలు నాకు పంపు. డౌన్లు, గడియారం, యార్డులు సరిచూసి గంటలో తిరిగి పంపిస్తాను. నీ అభిప్రాయం జోలికి రాను, ఏం రాయాలో నీ ఇష్టం. జాకెట్‌కి పెద్దమ్మ డబ్బులు పంపుతోంది, మందపాటిది కొనుక్కో.

ఇట్లు,
పెదనాన్న