ముసలాయన గాలి దిండు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. జపాన్ డైరెక్టర్ ఒజు మీద పన్నెండు పేజీలు రాశావు. అందులో ‘దృశ్యకావ్యం’ ఏడుసార్లు వచ్చింది. ‘మానవ సంబంధాలు’ లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాను. ‘జపాన్ సినీ వినీలాకాశంలో ధ్రువతార’ మాత్రం ఒక్కసారే వచ్చింది, సంతోషం. ఇంత రాశావు గానీ, ఒజు తీసిన ‘టోక్యో స్టోరీ’లో ముసలాయన గాలి దిండు ఎక్కడా కనపడలేదు.

దిండుదేముంది అనుకుంటావేమో. సినిమా మొదట్లోనే ఒనోమిచి అనే ఊళ్లో ముసలాయనా ఆయన భార్యా టోక్యోలో ఉన్న పిల్లల దగ్గరికి ప్రయాణానికి సంచులు సర్దుకుంటుంటారు. గాలి దిండు కనపడదు. నీకే ఇచ్చాను కదా అంటాడు ఆయన. నా దగ్గర లేదంటుంది ఆవిడ. కిటికీ దగ్గర ఆగిన పక్కింటావిడ రెండు మాటలు మాట్లాడి వెళ్తుంది. తీరా చూస్తే దిండు ఆయన సంచిలోనే ఉంటుంది. అంతే సీను. కథకి దాంతో పనేమీ లేదు. కానీ ఆ ఇద్దరూ ఎన్నేళ్లుగా కలిసి బతుకుతున్నారో, ఎవరు ఎవరి మీద నెపం వేస్తారో, ఎవరు ఊరుకుంటారో అన్నీ అక్కడే తెలిసిపోతాయి. మన ఇళ్లలో తాళంచెవి కోసం జరిగే గొడవ లాంటిదే. చివర్లో అదే గది, అదే కిటికీ, అదే పక్కింటావిడ. ఆయన పక్కన ఆవిడ కూర్చున్న చోటు మాత్రం ఖాళీ. ఈ రెండు సీన్లనూ పక్కపక్కన పెట్టి ఒక్క పేజీ రాసి ఉంటే, ‘మానవ సంబంధాల్లోని సున్నితత్వాన్ని అద్భుతంగా ఆవిష్కరించాడు’ అనే వాక్యం నీకు అవసరమయ్యేదే కాదు.

కోప్పడకు. నేను మొదట్లో నీకంటే ఘోరంగా రాశాను. మా ఊరి ఫిలిం సొసైటీలో ఈ సినిమా 16 ఎంఎం ప్రింటు మీద చూశాను. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవాళ్లు, చీకట్లో గిలికిన నోట్సు ఒక లైను మీద ఇంకో లైను పడి ఏదీ అర్థమయ్యేది కాదు. ఇంటికెళ్లి ఏదో ఇంగ్లిషు పుస్తకం ముందేసుకుని వ్యాసం లాగించాను. ‘ఒజు కెమెరా చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉంటుంది, అది జపాన్ జీవన దృక్పథం’ అని రాశాను. అచ్చయింది, పదిమంది మెచ్చుకున్నారు. చాలా ఏళ్లకి డీవీడీలో ఆపి ఆపి చూస్తే తెలిసింది, అది తప్పు. కెమెరా కూర్చున్న మనిషి కళ్లకంటే కూడా కిందే ఉంటుంది. పైగా చాపల్లేని ఆఫీసులో, కుర్చీలున్న బార్‌లో, వీధిలో కూడా అంతే కింద ఉంటుంది. కెమెరామన్ అత్సుతా నేలమీద బోర్లా పడుకుని అందులోంచి చూడాల్సి వచ్చేది. అది ఏ మనిషీ మామూలుగా లోకాన్ని చూసే ఎత్తు కాదు. మరి అక్కడెందుకు పెట్టాడు? గదుల చట్రాలు, తలుపుల నిలువు గీతలు, ముందర నేలమీదున్న టీ సామాను అన్నీ ఫ్రేములో కుదురుగా అమరడానికని నా ఊహ. నీకు ఇంకోటి తోచవచ్చు. కానీ ఆ ప్రశ్న నీకు కలగాలంటే ముందు కెమెరా ఎక్కడుందో నీ కళ్లతో చూసి ఉండాలి. నేను చదివింది రాశాను, చూసింది రాయలేదు. నీ పన్నెండు పేజీల జబ్బు కూడా ఇదే.

నాలుగో పేజీలో ‘ఈ సినిమాలో కెమెరా అసలు కదలదు’ అన్నావు. ఒకటి రెండు చోట్ల కదులుతుంది. పిల్లలు వాళ్లని పంపిన అతామి అనే ఊరి హోటల్లో రాత్రంతా గోల, నిద్ర పట్టదు. అనుకున్నదానికంటే ముందే తిరిగొస్తే, ఆ రాత్రి కూతురింట్లో ఏదో మీటింగు, ఉండే వీలు లేదు. ఎక్కడికెళ్లాలో తెలియక ముసలివాళ్లు టోక్యోలోనే ఉయెనోలో ఒక గోడ వారగా కూర్చుంటారు. అప్పుడు కెమెరా ఆ గోడ వెంబడే మెల్లగా జరిగి వాళ్లని చేరుతుంది. అంతసేపూ ఇళ్లల్లో బిగుసుకుని కూర్చున్న కెమెరా, వాళ్లకి ఇల్లు లేకుండా పోయిన చోట కదిలింది. నువ్వు ‘అసలు కదలదు’ అని రాసి ఈ ముక్కనే పోగొట్టుకున్నావు.

ఇంకో మాట, సబ్‌టైటిల్స్ గురించి. చివర్లో చిన్న కూతురు క్యోకో, వదిన నొరికో మాట్లాడుకుంటారు. నువ్వు ‘జీవితం నిరాశాజనకం కదూ?’ ‘అవును, నిజమే’ అని రాశావు. అది ఇంగ్లిషు సబ్‌టైటిల్‌కి నీ అనువాదం, పైగా పాఠ్యపుస్తకం భాష. జపనీస్‌లో క్యోకో వాడిన మాట ‘ఇయా’. నచ్చనిది, చిరాకు, రోత, సందర్భాన్ని బట్టి ఏదైనా కావచ్చు. ఇంట్లో వాడుకునే మామూలు మాట. ‘లోకం ఎంత రోత కదా వదినా’ అంటే దానికి దగ్గరగా వస్తుంది. నొరికో ‘అవును, అన్నీ నచ్చనివే’ అన్నట్టు చెప్తుంది, నవ్వుతూ. నొరికోగా వేసిన సెత్సుకో హారా ఆ నవ్వు గురించి ఒక పేరా రాయి, తప్పులేదు. అక్కడ క్యోకో ఆమెని పిలిచే పిలుపుకి ఇంగ్లిషులో సరైన మాట లేదు, మనకి ‘వదిన’ ఉంది. కొడుకు యుద్ధంలో పోయి ఎనిమిదేళ్లైనా అత్తమామల్ని సొంత పిల్లలకంటే బాగా చూసుకున్న కోడలు కథని తెలుగువాడికి వివరించక్కర్లేదు. నువ్వేమో ‘జపనీయ కుటుంబ వ్యవస్థలోని విశిష్టత’ అంటూ దాన్ని దూరంగా నెట్టేశావు.

ఆ ‘జపనీయత’ గురించి కూడా ఒళ్లు దగ్గరపెట్టుకుని రాయి. కుర్రతనంలో ఒజు హాలీవుడ్ సినిమాలంటే పడిచచ్చేవాడు. ‘టోక్యో స్టోరీ’ వెనక లియో మెక్కేరీ 1937లో తీసిన ఒక అమెరికన్ సినిమా ఉంది. పిల్లలకి బరువైన ముసలి దంపతుల కథే అది. దాన్ని చూసింది నోడా. కోగో నోడా పేరు నీ వ్యాసంలో ఒక్కసారి కూడా లేదు! స్క్రిప్టు ఒజు, నోడా ఇద్దరూ కలిసి రాశారు, చిగసాకి అనే ఊళ్లో ఒక సత్రంలో మకాం వేసి. డైరెక్టర్ పేరు మీద సినిమాని చదవడం మంచి పద్ధతే. 1950లలో ఫ్రాన్సులో కుర్ర విమర్శకులు దాన్ని గట్టిగా నిలబెట్టారు, వాళ్లలో చాలామంది తర్వాత డైరెక్టర్లయ్యారు. కానీ మన దగ్గర హీరోకి కట్టే కటౌటునే డైరెక్టర్‌కి కట్టడం అలవాటైపోయింది. పాలాభిషేకం ఒక్కటే తక్కువ. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే సినిమా పత్రిక కోసం డైరెక్టర్లు ఓట్లేసినప్పుడు ‘టోక్యో స్టోరీ’కి మొదటి స్థానం వచ్చిందని నీ మొదటి వాక్యంలోనే రాశావు. దాన్ని కొట్టేశాను. నీ పాఠకుడు మార్కులు చూసి సినిమాకి వెళ్లే రకం కాదు.

తర్వాత ఇరాన్ డైరెక్టర్ కియరొస్తమీ మీద రాస్తానన్నావు. ‘సహజత్వం’ అనే మాటతో జాగ్రత్త. 1987 నాటి ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్’లో, పొరపాటున తన సంచిలోకి వచ్చిన స్నేహితుడి నోటుబుక్కు ఇచ్చేయడానికి పిల్లాడు కొండమీద వంకర్లు తిరిగిన దారిలో పరిగెడతాడు. ‘ఇరాన్ పల్లెని ఉన్నదున్నట్టు చూపించాడు’ అని ఎంతమంది రాశారో! ఆ వంకర దారి సినిమా కోసం వేయించిందే. మరి అంత సహజంగా ఎందుకు అనిపించింది? అక్కడ మొదలుపెట్టు నీ వ్యాసం. చివరికి నోటుబుక్కులో పేజీల మధ్య కనపడే పువ్వు దగ్గర ఆగు. ఆ పువ్వు పిల్లాడికి ఎవరిచ్చారో వెనక్కెళ్లి చూసుకో.

1990 జూన్‌లో ఆ సినిమా తీసిన ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ సినిమాలో నటించిన పిల్లలు ఏమయ్యారో వెతుక్కుంటూ వెళ్లిన డైరెక్టర్ కథని కియరొస్తమీ 1992లో సినిమాగా తీశాడు. పిల్లలు దొరికారా? చూపించడు. చాలా దూరం నుంచి, ఏటవాలు రోడ్డు ఎక్కలేక వెనక్కి జారి మళ్లీ ఎక్కుతున్న కారుని చూపిస్తాడు. నాకైతే మొదటిసారి ఒళ్లు మండింది. రెండోసారి చూసినప్పుడు ఆ కారు ఎక్కితే చాలనిపించింది. ఈ రెండూ రాయి, ఒళ్లు మండటం కూడా. బోర్ కొట్టిన చోట కొట్టిందని రాయడానికి మొహమాటపడకు. బెల్జియం డైరెక్టర్ షాంటాల్ అకర్మాన్ తీసిన ‘జాన్ డీల్మాన్’ మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా, ఒక గృహిణి మూడు రోజులు. మొదటి రోజు పనులన్నీ గడియారంలా సాగుతాయి, నేను రెండుసార్లు టైం చూసుకున్నాను. రెండో రోజు ఆలుగడ్డలు ఎక్కువ ఉడికిపోయాయి. గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక ఆమె ఇంట్లో తిరుగుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. మొదటి రోజు బోర్ కొట్టకపోతే ఆ ఆలుగడ్డలు నన్నేం చేసేవి కావు.

షాట్‌ని షాట్ అనే రాయి. ‘చిత్రఖండిక’ లాంటివి వద్దు, చదివేవాడికి దడుపుజ్వరం వస్తుంది.

పెన్సిల్ గీతలతో నీ కాగితాలు తిరిగి పంపిస్తున్నాను. మూడు, ఏడు, తొమ్మిది పేజీలు ఉంచుకో. ముఖ్యంగా తొమ్మిదిలో, ఆవిడ చనిపోయిన తెల్లారి ముసలాయన బయట నిలబడి ‘ఇవాళ కూడా ఎండ మండిపోయేట్టుంది’ అన్నప్పుడు మీ తాతయ్య గుర్తొచ్చాడని రాశావే, దాన్ని ముట్టుకోకు. మిగతాది మళ్లీ సినిమా చూసి రాయి, ఈసారి పక్కన పుస్తకం పెట్టుకోకుండా. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు నా హార్డ్ డిస్క్ తెచ్చివ్వు, మూణ్నెల్లైంది తీసుకెళ్లి.

నీ
అన్నయ్య