ఏకవచనానికి ‘దెయిర్’ వాడవచ్చా?

‘ఈచ్ ఎంప్లాయీ మస్ట్ సబ్మిట్ హిజ్ రిపోర్ట్’ అని మీరు రాసిన వాక్యంలో ‘హిజ్’ కొట్టివేసి పై అధికారి ‘దెయిర్’ అని దిద్దారనీ, ఒక్క వ్యక్తికి బహువచన సర్వనామం ఎలా కుదురుతుందనీ అడిగారు. ఆ దిద్దుబాటు సరైనదే. పైగా అది కొత్త ఫ్యాషన్ కూడా కాదు. ఆడో మగో తెలియని ఒక్కరిని ‘దే’ అనడం ఆంగ్లంలో 14వ శతాబ్దం నుంచీ కనిపిస్తుంది.

పురుషవాచకం స్త్రీలకూ వర్తిస్తుందన్న నియమాన్ని తరువాతి వ్యాకర్తలు గట్టిగా బోధించగా, చట్టాల భాషను కుదించడానికి బ్రిటిష్ పార్లమెంటు 1850లో చేసిన చట్టం దానికి శాసన రూపమిచ్చింది. 1970ల నుంచి స్త్రీవాదులు దానిని ప్రశ్నిస్తూ వచ్చారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2019లో తన రచనా నియమావళిలో ఏకవచన ‘దే’ను ఆమోదించింది.

వచనం గురించిన మీ సందేహానికి ‘యూ’ చాలు. ఒకప్పుడు అది బహువచనమే, ఏకవచనానికి ‘దౌ’ ఉండేది. నేడు ఒక్కరితో ‘యూ ఆర్’ అంటే ఎవరూ తప్పుపట్టరు. మనమూ ఒక్కరినే ‘వారు’ అంటాం, కాకపోతే అది గౌరవం కోసం.

అయినా చెవికి ఇబ్బందిగా ఉంటే ‘ఆల్ ఎంప్లాయీస్ మస్ట్ సబ్మిట్ దెయిర్ రిపోర్ట్స్’ అని మొత్తం బహువచనంలోకి మార్చండి; ‘హిజ్ ఆర్ హర్’ పదేపదే వస్తే విసుగు పుట్టిస్తుంది. అదే పత్రంలో ‘చైర్మన్’ ఉంటే ‘చైర్‌పర్సన్’ అనండి. ‘మేనేజర్’ను మాత్రం ముట్టుకోకండి, అందులోని ‘మేన్’ చేయి అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది.