తలకు రోజూ నూనె పెడుతున్నా చుండ్రు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. మూడేళ్లుగా చుండ్రుతో బాధపడుతున్నాను. మా నాయనమ్మ రోజూ రాత్రి తలకు కొబ్బరినూనె పట్టిస్తుంది, ఆదివారం తలంటుకుంటాను. నిమ్మరసం రాస్తే మంట పుట్టింది. చుండ్రు షాంపూ రెండుసార్లు వాడితే తగ్గి, మళ్లీ వచ్చింది. చేపలు, రొయ్యలు మానేయమని ఇంట్లో అంటున్నారు. ఆయుర్వేదంలో దీనికి శాశ్వత పరిష్కారం ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది చుండ్రు కాదు, ఆదివారం నుంచి ఆదివారం దాకా తల మీదే నిలిచిపోతున్న నూనె. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన వారికి కొబ్బరినూనె తగ్గించమని చెప్పడం నాకూ కష్టమే, కానీ మీ విషయంలో చెప్పక తప్పదు.

మన అందరి తల చర్మం మీదా మలసేజియా అనే ఒక రకం ఈస్టు ఉంటుంది. అది తలలోని జిడ్డును ఆహారంగా తీసుకుని, ఆ క్రమంలో చర్మాన్ని రేపే కొన్ని ఆమ్లాలను వదులుతుంది. ఆ ఆమ్లాలు పడని వారిలో, మామూలుగా నెల రోజుల దాకా పట్టి కంటికి కనిపించకుండా రాలిపోవలసిన చర్మపు పై పొర, త్వరత్వరగా తయారై పొలుసులుగా ఊడుతుంది. తల పొడిబారినందువల్లే పొట్టు రాలుతోందని అనుకుని ఇంకాస్త నూనె పెడితే, ఆ పొట్టు నూనెలో తడిసి తలకు అంటుకుపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజులు తగ్గినట్టే కనిపిస్తుంది. దురద మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఈస్టును పూర్తిగా తొలగించడం ఏ వైద్యంలోనూ సాధ్యం కాదు గనుక, శాశ్వత పరిష్కారం అన్న మాట నేను వాడను. అదుపులో ఉంచడం మాత్రం ఖాయంగా సాధ్యమే.

ఆయుర్వేదంలో దీనిని దారుణకం అంటారు. సుశ్రుత సంహితలో దీనిని క్షుద్రరోగాలలో, అంటే చిన్న రోగాలలో చేర్చి, కఫవాతాల ప్రకోపం వల్ల కేశభూమి (తల చర్మం) గరుకుగా మారి, దురద పెట్టి, పగులుతుందని చెప్పారు. గరుకుదనం అనగానే అందరికీ నూనె గుర్తొస్తుంది, నిజానికి చికిత్సలో అభ్యంగం (నూనె మర్దన) కూడా చెప్పారు. అయితే అదే చోట, అరికె గడ్డిని కాల్చిన బూడిద నుంచి తీసిన క్షారజలంతో తల కడగాలని కూడా ఉంది. నూనె పెట్టమన్న మాట మన ఇళ్లలో నిలిచింది, కడగమన్న మాట జారిపోయింది. ఆ క్షారజలం మీరు ఇంట్లో ప్రయత్నించవద్దు. మనకు కుంకుడుకాయలు ఉన్నాయి.

ఎనిమిదో పదో కుంకుడుకాయలను కొట్టి, గింజలు తీసేసి, రాత్రి వేడినీళ్లలో నానబెట్టండి. ఉదయం చేత్తో పిసికి, గుప్పెడు మందారాకులు నలిపి కలిపితే రసం కాస్త జిగురుగా వచ్చి జుట్టు చిక్కుపడదు. పల్చని గుడ్డలో వడకట్టి, దానికి రెండింతల నీరు కలిపి వాడండి. చిక్కటి కుంకుడు రసం జిడ్డుతోపాటు చర్మానికి కావలసిన తేమను కూడా తీసేస్తుంది, కళ్లలో పడితే ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. చివరగా రెండు గుప్పెళ్ల వేపాకును లీటరు నీటిలో సగం అయ్యేదాకా మరిగించి, చల్లార్చి, వడకట్టిన కషాయాన్ని తల మీద పోసుకోవచ్చు. ఇలా వారానికి రెండుసార్లు చేయండి. నానబెట్టి రుబ్బిన మెంతులను పెరుగుతో కలిపి పట్టించడం కూడా కొందరికి హాయినిస్తుంది గానీ, సరిగా కడగకపోతే ఎండిన మెంతిపిండి రాలడం చూసి చుండ్రు పెరిగిందని కంగారుపడి నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు. నిమ్మరసం ఇక ముట్టవద్దు.

డెల్టాలో సముద్రం వైపు ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో తలకు ఒంటి సబ్బు రుద్దితే నురగ రాకపోగా, తెల్లటి పొర ఒకటి జుట్టుకు పట్టి చుండ్రులాగే రాలుతుంది. తలకు సబ్బు వాడుతూ ఉంటే మానేయండి. వీలైతే చివరి రెండు చెంబులైనా మంచినీళ్లు పోసుకోండి.

మీరు ఆయుర్వేదమే అడిగారు. కానీ మూడేళ్ల చుండ్రుకు ముందుగా, ఆ ఈస్టును అణచే కీటోకోనజోల్ అనే మందు 2 శాతం ఉన్న షాంపూ వాడమని, ఆయుర్వేద వైద్యుడినై ఉండి కూడా, నేను చెబుతాను. మీరు రెండుసార్లకే ఆపేశారు, పైగా ఆ రాత్రే మళ్లీ నూనె పెట్టించుకుని ఉంటారు. దానిని వారానికి రెండుసార్లు, జుట్టు పొడవునా కాకుండా తల చర్మానికి పట్టించి, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. ఇలా నాలుగు వారాలు వాడాక, వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి చాలు. ఆ నాలుగు వారాలూ కుంకుడు రసం ఆపండి, తరువాత దానికి మారవచ్చు. గర్భవతి అయితే మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

చుండ్రుకు ఉమ్మెత్తాకుతో చేసే ధుర్ధూరపత్రాది తైలం వైద్యులు రాసే మందే. అయితే కాలువ గట్ల మీద ఉమ్మెత్త దొరుకుతోంది కదా అని ఇంట్లో కాచవద్దు, అది విషపు మొక్క. వైద్యుని సలహాతో కొన్నా, చెప్పినంతసేపే ఉంచి కడిగేయాలి, పిల్లలకు అందకుండా దాచాలి.

చేపలు, రొయ్యలు తిన్న తరువాత ఒంటి మీద దద్దుర్లు, దురద వస్తే తప్ప మానవలసిన పని లేదు. పేల దువ్వెనతో పొట్టు గీకించుకుంటూ ఉంటే అది మాత్రం మానేయాలి, ఎందుకంటే ఆ గీతలు పుండ్లుగా మారతాయి. తడి జుట్టును జడ వేసి, పూలు పెట్టి, పైన హెల్మెట్ తగిలించుకుని స్కూలుకు వెళ్లే అలవాటు ఉంటే, తలంటు ముందురోజు సాయంత్రానికి మార్చుకోండి.

నాయనమ్మ గారిని నొప్పించనక్కరలేదు. ఈ నాలుగు వారాలూ తలంటుకు గంట ముందు, చెవుల కింది నుంచి జుట్టు కొసల దాకా మాత్రమే నూనె రాయమనండి. కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల వెనుక కూడా ఎర్రబడి పొలుసులు లేస్తున్నా, నుదుటి అంచు దాటి మందపాటి వెండిరంగు పొలుసులు కడుతున్నా, ఒకచోట గుండ్రంగా జుట్టు ఊడుతున్నా, లేదా నాలుగు వారాలైనా మార్పు లేకున్నా, అది మామూలు చుండ్రు కాకపోవచ్చు. అప్పుడు భీమవరంలోనో పాలకొల్లులోనో చర్మవైద్యుని కలిసి తల చూపించుకోండి. వెళ్లే ముందు రెండు రోజులు తలకు నూనె పెట్టవద్దు, నూనె కింద పొలుసులు సరిగా కనబడవు.