ఎస్‌యూవీ వెనక బోటు ట్రైలర్: సాగర్ బయల్దేరే ముందు తూకం వేయించండి

మీరు అడిగింది ఇదీ: కొంపల్లిలో ఉంటారు, పద్నాలుగు అడుగుల ఫైబర్ బోటు ట్రైలర్‌తో సహా సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది, మీ ఎస్‌యూవీ డీజిల్, ఆటోమేటిక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. నాగార్జునసాగర్ దాకా లాగడానికి ఇంజన్ పవర్ సరిపోతుందా?

నేను అల్వాల్‌లో ఉంటాను. మిత్రులతో కలిసి ఇలాంటి బోటునే కొన్నేళ్లుగా కారు వెనక తిప్పుతున్నాను. పవర్ గురించి టెన్షన్ పడకండి. ఆరేడు వందల కిలోలు లాగడం ఈ రోజుల్లో డీజిల్ ఎస్‌యూవీకి పెద్ద పని కాదు. లాగిన దాన్ని ఆపడం, తిన్నగా నడపడం, నీటి ఒడ్డున జారకుండా నిలబెట్టడం... కష్టమంతా అక్కడుంది. ఆ మూడూ బరువు ఎక్కడ కూర్చుందన్న దాన్ని బట్టే ఉంటాయి.

బోటుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు కారు ఓనర్స్ మాన్యువల్ తీసి టోయింగ్ పేజీ చూడండి. బ్రేకులున్న ట్రైలర్ అయితే ఎంత బరువు, లేనిదైతే ఎంత, టో బార్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక బిగించే కడ్డీ) కొసనుండే బాల్ మీద ఎంత మోపవచ్చు అని మూడు అంకెలుండాలి. కొన్ని కార్ల మాన్యువల్స్‌లో ఈ అంకెలే ఉండవు, కొన్నింటిలో ట్రైలర్ లాగొద్దని నేరుగా రాసి ఉంటుంది. ఏమీ రాయలేదు కదా, పరవాలేదు అనేవాళ్లు చాలామంది తగులుతారు. నా లెక్కలో రాయకపోతే వద్దనే అర్థం. అలాంటప్పుడు, ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే మాటైతే, డీసీఎం మాట్లాడుకుని బోటును అందులో పంపించి, మీరు కార్లో హాయిగా వెనకాలే వెళ్లండి.

టో బార్ విషయంలో మాత్రం రాజీ పడకండి. మీ కారు మోనోకాక్ అయితే కింద లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీలో గట్టిగా చేసిన కొన్ని చోట్లే బోల్టులు పడాలి. బాలానగర్‌లో ఏ ఇనుప పనైనా చేసిచ్చే చేయి తిరిగినవాళ్లున్నారు, కాదనను. కానీ బంపర్ వెనక పట్టీకి హుక్కు వెల్డింగ్ చేయించుకోవడం వేరు, ఆ మోడల్ కోసమే చేసిన టో బార్ బిగించడం వేరు. కారుతో వచ్చే స్క్రూ హుక్కు బురదలో చిక్కుకుంటే బయటికి లాగడానికి, ట్రైలర్‌కి కాదు. లైట్ల వైరింగ్ కూడా ఎక్కడంటే అక్కడ తెంపి కలపనివ్వకండి. ఇప్పటి కార్లకు బైపాస్ రిలే (ట్రైలర్ లైట్లకు కరెంటు విడిగా ఇచ్చే పెట్టె) పెట్టకపోతే డాష్‌బోర్డు మీద ఎర్రర్లు వస్తాయి.

ఇక తూకం. అమ్మేవాళ్లు బోటు బరువు చెబుతారు, అది ఖాళీ బోటుది. ఖాళీ బోటు రెండు వందల యాభై కిలోలు అనుకుందాం. బోటు వెనక బయట తగిలించే నలభై హార్స్ పవర్ ఔట్‌బోర్డ్ మోటారు దాదాపు వంద. ట్రైలర్ రెండు వందలు. పాతిక లీటర్ల పెట్రోలు పోస్తే దగ్గర దగ్గర 19 కిలోలు. ఆపైన బ్యాటరీ, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఐస్ బాక్స్. ఆరు వందలు ఎప్పుడు దాటిందో తెలియదు. అందుకే అన్నీ సర్దేశాక హైవే పక్కన లారీలు తూచే ధర్మకాంటాకు తీసుకెళ్లి, కారు నుంచి విడదీసి ట్రైలర్ ఒక్కదాన్నీ తూచండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ముక్కు మీద పడే బరువుకు, అంటే బాల్ మీద కూర్చునే కొసకు, ధర్మకాంటా పనికిరాదు. అది పదేసి కిలోల మెట్ల మీద చూపిస్తుంది. ఇంట్లో ఒంటి బరువు చూసుకునే తూకం మిషను చాలు. నేల చదునుగా ఉన్నచోట ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, మిషను మీద ఓ పలక, దాని మీద కారు బాల్ ఎత్తుకు సరిపడే కర్ర దుంగ నిలబెట్టి, కప్లర్‌ను, అంటే బాల్‌కు తగులుకునే ట్రైలర్ కొసను, దాని మీద దించండి. ముక్కు కారుకు తగిలించినప్పటి ఎత్తులోనే ఉండాలి, కిందకో పైకో ఉంటే లెక్క తప్పుతుంది. దుంగ, పలకల బరువు తీసేయడం మరిచిపోకండి. మొత్తం బరువులో పదో వంతు దగ్గర ఉంటే బాగుంటుంది, ఆరు వందలకు అరవై. మాన్యువల్‌లో బాల్ పరిమితి అంతకన్నా తక్కువుంటే దానికే లోబడాలి. ఈ అరవై కిలోలూ కారు మోయాల్సిన బరువులోకే వస్తాయి కాబట్టి డిక్కీలో సామాను ఆ మేరకు తగ్గించండి.

ముక్కు తేలికైతే బరువంతా ట్రైలర్ తోక మీదకు పోయినట్టు. వేగం పెరిగేకొద్దీ తోక అటూ ఇటూ కొట్టుకోవడం మొదలై కారు వెనక భాగాన్నీ లాగుతుంది. ముక్కు మరీ బరువైతే కారు వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి లాగేవీ, తిప్పేవీ ఆ ముందు చక్రాలే, గుర్తుంచుకోండి. సరిచేయడానికి పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ముందుకో వెనక్కో జరిపితే చాలాసార్లు సరిపోతుంది. చాలకపోతే విన్చ్ పోస్టు (బోటు ముందు కొసను ఆనించి, పట్టీతో లాగి పట్టే ట్రైలర్ స్తంభం) వదులు చేసి బోటునే జరపాలి. రాత్రిపూట అయితే డాష్‌బోర్డు మీది హెడ్‌లైట్ లెవెలింగ్ కూడా దించండి, వెనక కుంగిన కారు లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉన్నాయేమో చూడండి. యూరప్‌లో 750 కిలోలు దాటితే తప్పనిసరి. మీది అంతకు లోపే అయినా, ఆరు వందల కిలోలు వెనక నుంచి తోస్తుంటే కారు మామూలుగా ఆగే చోట ఆగదు. ముందు బండికీ మీకూ మధ్య రెట్టింపు దూరం వదలండి. మన దగ్గర ఆ ఖాళీలో ఇంకో ఆటో దూరుతుంది, ఓపికగా మళ్లీ వదలండి, ఇంకేం చేస్తాం. కప్లర్ కింద రెండు గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. ముక్కు ఊడినా రోడ్డుకు కొట్టుకోకుండా వాటి మీద ఆగుతుంది.

కొంపల్లి నుంచి సిటీ మధ్యలోకి రాకండి. మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్‌లు ట్రైలర్‌తో అయ్యే పని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి బొంగులూరు దగ్గర దిగితే సాగర్ రోడ్డే. ఔటర్ మీద కార్లకు 120 దాకా పోవచ్చని ఉన్నా అది మీకు కాదు, ఎడమ లేన్‌లో అరవై, డెబ్బై చాలు. పెద్ద కంటైనర్ పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి తోక ఊగుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకండి, స్టీరింగ్‌తో సరిచేయాలని చూడకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేయండి, వేగం తగ్గితే దానంతటదే సర్దుకుంటుంది. ఇబ్రహీంపట్నం, యాచారం దాటేటప్పుడు స్పీడ్ బ్రేకర్లను మామూలుకన్నా సగం వేగంతో ఎక్కించండి. మీ వెనక చక్రాలు దిగాక ట్రైలర్ చక్రాలు ఎక్కాలి, ఆ సంగతి మనసుకు అలవాటు కావడానికి కొంత టైమ్ పడుతుంది.

బయల్దేరిన ఇరవై ముప్ఫై కిలోమీటర్లకు ఓసారి ఆపి, బోటును ట్రైలర్‌కు కట్టిన రాచెట్ బెల్టులు మళ్లీ బిగించండి, అవి మొదట తప్పకుండా వదులవుతాయి. ముందు విన్చ్ పట్టీ ఒక్కటే ఉంటే చాలదు, వెనక రెండు వైపులా కట్టాలి. ఆపినప్పుడు ట్రైలర్ చక్రాల మధ్యలోని హబ్బుల దగ్గర వేళ్ల వెనక భాగం పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడి ఉంటే బేరింగ్ పోతోందని అర్థం. మా మిత్రుడి ట్రైలర్‌కి సాగర్ రోడ్డు మీది మాల్ ఊరి దగ్గర ఇలాగే జరిగింది. హబ్ క్యాప్ ఊడదీస్తే గ్రీజు నల్లగా లేదు, మజ్జిగలా తెల్లగా పలచబడి కారుతోంది. లోపలికి నీళ్లు పోయాయి. వేడెక్కిన హబ్బును వెంటనే చల్లటి నీళ్లలో దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి సీలు గుండా నీటిని పీల్చుకుంటుంది. అందుకే ఒడ్డుకు చేరాక టీ తాగి, హబ్బులు చల్లారాకే దించాలి. పాత బేరింగ్ మీది నంబరు చూపిస్తే రాణిగంజ్‌లో దొరుకుతుంది, ఒక సెట్ స్పేర్ పెట్టుకోండి. టైర్ల మీది నాలుగంకెల తేదీ కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. బోటు ట్రైలర్ టైర్లు అరిగి పోవు, ఎండకు నిలబడి నిలబడి పగిలి పోతాయి.

రివర్స్ ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో నేర్చుకోండి, నీళ్ల దగ్గర కాదు. స్టీరింగ్ కింది భాగాన చేయి పెట్టి, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు జరపండి. కొంచెం కొంచెంగా. చిన్న ట్రైలర్ పెద్దదానికన్నా త్వరగా మడతపడుతుంది.

మీ కారుకు అసలు పరీక్ష ఒడ్డునే. నీళ్లు తగ్గిన జలాశయం అంచున సిమెంటు ర్యాంపు దొరకడం అదృష్టం, చాలాచోట్ల మెత్తటి బురదే. వాలు మీద బరువు వెనక్కి పోయి, మీ ముందు చక్రాలు తేలికై, తడి మట్టిలో తిరుగుతూ ఉండిపోతాయి. నేల మీద కాలు జారుతోందంటే కారు దించకండి. గట్టి నేల మీదే ట్రైలర్ విప్పి, పొడుగు తాడుతో నలుగురు కలిసి దించండి, ఎక్కించేటప్పుడు అదే తాడును కారుకు కట్టి లాగండి. ర్యాంపు బాగుంటే కారుతోనే దించొచ్చు, అయితే ఆటోమేటిక్‌ని పార్కింగ్‌లో పెట్టి దిగిపోకండి. పార్కింగ్ పట్టుకునేది ముందు చక్రాలనే. ఫుట్ బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తర్వాత పార్కింగ్, ఆపైన చక్రాల కింద దిమ్మెలు. ఇంట్లోవాళ్లు కార్లోంచి దిగి పక్కన ఉండాలి. లైట్ల ప్లగ్ పీకేయండి, బోటు అడుగున డ్రెయిన్ ప్లగ్ (లోపలి నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే బిరడా) బిగించారా లేదా ఇంకొకరితో చూపించుకోండి.

కాగితాల సంగతి క్లుప్తంగా: మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కావాలి. అమ్మేవాళ్ల దగ్గర ట్రైలర్ ఆర్‌సీ లేకపోతే బేరం అక్కడే ఆపండి. కారు ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి ట్రైలర్ లాగొచ్చని రాతపూర్వకంగా తీసుకోండి. మోటారున్న బోటుకు 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ వేరే వ్యవహారం, జలాశయంలో దించడానికి అనుమతి ఇంకో వ్యవహారం. ఈ రెండూ తేలాకే టో బార్‌కు డబ్బులు పెట్టండి.

మాన్యువల్‌లోని మూడు అంకెలు, ధర్మకాంటా చీటీలో వచ్చిన బరువు ఇక్కడ రాయండి. పెట్రోలు ట్యాంకు ఎక్కడ పెట్టాలో చూసి చెబుతాను.