అఫ్గానిస్తాన్ మాజీ అధ్యక్షుడు బుర్హానుద్దీన్ రబ్బానీ ముల్లానా, ప్రొఫెసరా?

ప్రొఫెసరే. కాబూల్ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ ధర్మశాస్త్రం బోధిస్తూనే ఆయన రాజకీయాల్లోకి వచ్చారు.

పాఠాలు చెప్పే మనిషి పార్టీ నాయకుడెలా అయ్యారంటే, కారణం ఆనాటి క్యాంపస్‌లోనే ఉంది. 1960ల చివర్లో కాబూల్‌లో విద్యార్థుల కోసం కమ్యూనిస్టులు, ఇస్లామిక్ రాజ్యం కోరేవాళ్లు గట్టిగా పోటీపడేవారు. రబ్బానీ అప్పటికే కైరోలోని అల్ అజహర్ విశ్వవిద్యాలయంలో పైచదువు చదివి, అక్కడి ఇస్లామిక్ రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ ఆలోచనల ప్రభావంతో తిరిగొచ్చారు. అందుకే ఆ విద్యార్థులకు ఆయనే పెద్దదిక్కయ్యారు. జమియతే ఇస్లామీ పార్టీ నాయకత్వమూ ఆయనకే దక్కింది.

1974లో జరిగిన సంగతే చూడండి. అప్పటి అధ్యక్షుడు దావూద్ ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేయడానికి పోలీసులను యూనివర్సిటీకి పంపితే, తప్పించింది ఆయన విద్యార్థులే. అక్కడి నుంచి పాకిస్తాన్ చేరి, తర్వాత సోవియట్ సైన్యంపై పోరాటం నడిపి, 1992లో అధ్యక్షుడయ్యారు. పాలన మాత్రం సాఫీగా సాగలేదు. సోవియట్ సైన్యంతో పోరాడిన ముజాహిదీన్ వర్గాల మధ్యే జరిగిన పోరులో కాబూల్ నగరమే నాశనమైంది.

చాలామంది ఆయన్ను తాలిబన్ నాయకుడనుకుంటారు. ఇది పూర్తిగా తప్పు. 1996లో ఆయన్ను కాబూల్ నుంచి తరిమింది తాలిబన్లే. ఆ తర్వాత కూడా, 2001 వరకు, ఐక్యరాజ్యసమితిలో అఫ్గానిస్తాన్ స్థానం రబ్బానీ ప్రభుత్వానిదే. తాలిబన్ అధినేత ఒమర్ గ్రామంలో ముల్లాగా ఉన్న వ్యక్తి. ఆయనకు విశ్వవిద్యాలయ చదువు లేదు.