టెక్ సందేహాలు: డ్రమ్మర్ తమ్ముడికి ఏ వాద్యం కొనాలి?

ప్రశ్న: మా తమ్ముడు గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతూ, ఆదివారాలు చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు కావడంతో ఇంట్లో దిండు మీదే సాధన చేస్తుంటాడు. తన పుట్టినరోజుకు 25 వేల రూపాయల లోపు ఏదైనా వాద్యం కొనివ్వాలని ఉంది. దుకాణంలో ఆక్టాప్యాడ్ అంటున్నారు, స్నేహితురాలు కహోన్ అంటోంది, ఆన్‌లైన్‌లో మూడు వేలకే చాపలా చుట్టే డ్రమ్స్ కనిపిస్తున్నాయి. ఏది మంచిది? తన బ్లూటూత్ ఇయర్‌బడ్స్ దానికి పనికొస్తాయా?

జవాబు: చాపలా చుట్టే డ్రమ్స్ సంగతి ముందే తేల్చేద్దాం. వాటిలో చాలావాటికి దెబ్బ బలం తెలియదు. మెల్లగా తాకినా, గట్టిగా కొట్టినా ఒకే శబ్దం వస్తుంది. చిన్నపిల్లలకైతే సరదాగానే ఉంటుంది గానీ, స్నేర్ (కింద తీగలు బిగించిన చిన్న డ్రమ్) మీద వినీ వినపడని చిన్న దెబ్బలు వేయడం నేర్చుకున్న చేతికి అది రెండు రోజుల్లోనే విసుగు పుట్టిస్తుంది. మా మేనల్లుడికి నేను కొనిచ్చినది ప్రస్తుతం అటక మీద ఉంది.

కహోన్ నిజంగా మంచి వాద్యమే. పెరూ దేశంలో ఆఫ్రికా సంతతివారి చేతుల్లో రూపుదిద్దుకున్న ఈ చెక్కపెట్టెను స్పెయిన్ గిటారిస్టు పాకో దె లూసియా 1970ల చివర్లో ఫ్లమెంకో సంగీతంలోకి తీసుకెళ్లాక ప్రపంచమంతటా వ్యాపించింది. దాని మీదే కూర్చుని, ముందు పలకను మధ్యలో అరచేత్తో కొడితే బేస్ డ్రమ్‌ను, పై అంచున వేళ్లతో కొడితే లోపలి తీగల వల్ల స్నేర్‌ను తలపించే నాదం వస్తుంది. నలుగురు కూర్చుని పాడుకునే ప్రార్థన కూటానికి అంతకంటే తేలికైన తోడు లేదు. అయితే దానికి శబ్దం తగ్గించే మీట లేదు కదా! రాత్రి పది గంటలకు మూడో అంతస్తులో అది మోగితే పక్కింటివారు తలుపు తడతారు. పైగా అది చేతులతో వాయించేది, మీ తమ్ముడి సాధన కర్రలతో.

ఆక్టాప్యాడ్ అంటే కర్రలతో కొట్టే ప్యాడ్లున్న ఎలక్ట్రానిక్ వాద్యం; ఆ పేరు నిజానికి రోలండ్ సంస్థ పెట్టినది. 1985లో వచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌కు సొంత శబ్దమే లేదు. ఎనిమిది ప్యాడ్ల మీద పడిన దెబ్బలను మిడి తీగ (ఎలక్ట్రానిక్ వాద్యాల మధ్య సంకేతాలు పంపే తీగ) ద్వారా వేరే యంత్రానికి చేరవేసేది, అంతే. ఇప్పటివి వందల శబ్దాలను తమలోనే దాచుకుంటాయి కనుక మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించేవారు ఒక్కరే డప్పునూ తబలానూ డోలకునూ పలికించగలుగుతున్నారు. అయితే కొత్తది 25 వేలకు రాదు. పాతది కొనాలంటే, వాయించడం తెలిసినవారు ప్రతి ప్యాడ్‌నూ కొట్టి చూడకుండా డబ్బు చెల్లించవద్దు, ఎందుకంటే ఎక్కువగా దెబ్బలు తిన్న ప్యాడ్ కింది సెన్సర్ బలహీనపడి ఉండవచ్చు.

మీ అవసరానికి నేను సూచించేది బల్ల మీద పెట్టుకునే డిజిటల్ డ్రమ్స్. యమహా డీడీ-75 ఈ తరగతిదే: ఎనిమిది ప్యాడ్లు, రెండు పెడళ్లు, లోపలే స్పీకర్లు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటాయి. దాని పెడళ్లు కేవలం స్విచ్చుల వంటివి, అసలు కిక్ పెడల్ (బేస్ డ్రమ్‌ను కాలితో మోగించే మీట) బరువు వాటిలో తెలియదు; అయినా కాలూ చేయీ కలిపి తాళం తప్పకుండా నడిపే సాధనకు అది చాలు. మణికట్టు బలానికి మాత్రం విడిగా ఒక రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ కొనండి, దిండు కంటే అది ఎంతో నయం. బల్లకూ వాద్యానికీ మధ్య మడిచిన బొంత వేస్తే కర్రల అదురు గోడలకు పాకడం తగ్గుతుంది. రేపు పూర్తి ఎలక్ట్రానిక్ కిట్ కొన్నా ఈ సంగతి గుర్తుంచుకోవాలి: శబ్దమంతా హెడ్‌ఫోన్‌లోనే ఉన్నా, కిక్ పెడల్ అదురు నేలగుండా కింది ఇంటి పైకప్పుకు చేరుతుంది. అందుకే కొందరు డ్రమ్మర్లు రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు అమర్చి, ఆ వేదిక మీద కిట్‌ను నిలబెడతారు.

ఇయర్‌బడ్స్ మాత్రం పనికిరావు. జాతరలో డప్పు వాయించే మనిషిని అరవై మీటర్ల దూరం నుంచి చూశారనుకోండి, పుల్ల చర్మాన్ని తాకడం ముందు కనిపించి, మోత కాస్త తర్వాత వినిపిస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ ఆలస్యం దాదాపు 175 మిల్లీసెకన్లు. సాధారణ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఆలస్యం కూడా చాలాసార్లు ఇంచుమించు అంతే ఉంటుంది. సినిమా చూసేటప్పుడు ఫోను చిత్రాన్ని కూడా ఆపి సర్దుతుంది కాబట్టి మనకు తేడా తెలియదు, కానీ కొట్టిన దెబ్బను ఎవరూ వెనక్కి ఆపలేరు. తన దెబ్బ తనకే ఆలస్యంగా వినిపిస్తే ఎంతటి వాద్యకారుడికైనా లయ జారిపోతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ కొనండి. వాద్యానికి ఉన్నది పెద్ద రంధ్రమైతే 3.5 మి.మీ. పిన్నును 6.35 మి.మీ.కు మార్చే చిన్న అడాప్టర్ కూడా కావాలి.

ఇక చెప్పకుండా కొని ఆశ్చర్యపరచాలని ఉంటే, ఆ ఆశ్చర్యాన్ని ఒక జత కర్రలకే పరిమితం చేయండి. తన పాత కర్రల మీద 5ఏ అనో 7ఏ అనో ముద్ర ఉంటుంది, అదే కొలతవి కొని పుట్టినరోజున చేతికిచ్చి, నేరుగా దుకాణానికి తీసుకెళ్లండి. అక్కడ ఒకే ప్యాడ్‌ను వేలి కొసతో మొదలుపెట్టి క్రమంగా బలం పెంచుతూ కొట్టమనండి. ధ్వని మెట్లుమెట్లుగా దూకకుండా సాఫీగా పెరగాలి. తర్వాత ఒక ప్యాడ్‌ను గట్టిగా కొట్టినప్పుడు పక్క ప్యాడ్ తనంతట తాను మోగుతుందేమో వినమనండి. ఈ పరీక్షలు స్పీకర్ మీద కాకుండా, మీరు తీసుకెళ్లిన హెడ్‌ఫోన్‌తోనే చేయాలి, ఎందుకంటే ఇంట్లో తాను వినబోయేది అందులోనే.