ఏసీ ఒక్క గదిలోనే ఉన్నప్పుడు కరెంటు బిల్లు పంపకం

నలుగురు కలిసి ఉంటున్న హైదరాబాద్ ఇంట్లో, ఏసీ ఒక్క గదిలోనే ఉన్నా కరెంటు బిల్లును సమానంగా పంచుకోవడం వల్ల గొడవలవుతున్నాయని రాశారు. మీ బాధ న్యాయమైనదే. ఆ గది వాడకాన్ని విడిగా చూపే సబ్ మీటర్ పెట్టించి, దాని యూనిట్లను సగటు ధరతో గుణిస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు కానీ, స్లాబుల వల్ల, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర అంచెలుగా పెరగడం వల్ల, అది సరిపోదు.

తెలంగాణలో 2022 నాటి ధరల ప్రకారం నెల వాడకం 100 యూనిట్లు దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్‌కు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80 చొప్పున పడుతుంది. దాటితే మాత్రం ఆ మొదటి 200 యూనిట్లకే రూ.5.10 అవుతుంది, ఆపై వందకు రూ.7.70, తర్వాతి వందకు రూ.9. ఇంటి వాడకం 360 యూనిట్లు, అందులో ఏసీవి 160 అనుకుంటే, స్థిర ఛార్జీలు కాక బిల్లు రూ.2,330 వస్తుంది. ఏసీ లేకుంటే వచ్చేది రూ.820 మాత్రమే. సగటున లెక్కిస్తే ఆ గదికి సుమారు రూ.1,035 పడుతుంది, కానీ ఏసీ వల్ల నిజంగా పెరిగింది రూ.1,510.

ఈ రెండు అంకెల మధ్య ఒక మొత్తానికి నలుగురూ ముందే ఒప్పుకోండి. నీళ్ల ట్యాంకర్, గ్యాస్, ఇంటర్నెట్ సమానంగానే పంచుకోండి. రీడింగ్ తీసిన రోజే సబ్ మీటర్‌నూ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.